మీ ప్రశ్నలు – మా జవాబులు: ఎవరి మెలకువ వేళ వారిది

నిద్రలేమి గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఒక విశేషం కనిపించింది. నిద్ర పట్టడం లేదన్నవారి కంటే, ఇంట్లో ఫలానావారు ఫలానా వేళకు లేవడం లేదని ఫిర్యాదు చేసినవారే ఎక్కువ. అందువల్ల ఈసారి జవాబులన్నీ లేచే వేళ చుట్టూనే తిరుగుతాయి. ఉత్తరాలను కుదించి, పేర్లు తీసివేసి ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని, వయసు 68. రాత్రి తొమ్మిదింటికి పడుకుని ఏ అలారమూ లేకుండా తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. మా అబ్బాయికి 34 ఏళ్లు. ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు మీద ఉద్యోగం చేస్తాడు. ఒంటి గంటకు గాని పడుకోడు, ఎనిమిదిన్నరకు గాని లేవడు. కోడలు ఆరింటికి లేస్తుంది. మా చిన్నతనంలో ఇంటిల్లిపాదీ కోడికూతకు లేచేవాళ్లం. బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని పెద్దలు చెప్పింది ఊరికే చెప్పారా? మావాడిది సోమరితనమా, జబ్బా?
— పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, ముందు లెక్క చూద్దాం. మీరు నిద్రపోతున్నది ఏడు గంటలు, మీ అబ్బాయి నిద్రపోతున్నది ఏడున్నర గంటలు. పెద్దలకు రోజుకు ఏడు గంటలకు తగ్గని నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణులు చెబుతున్నారు. ఆ కొలతతో చూస్తే మీరిద్దరూ బాగానే ఉన్నారు, ఇద్దరి మధ్య తేడా అరగంటే. అతను మీకంటే నాలుగు గంటలు ఆలస్యంగా పడుకుంటున్నాడు గనుక నాలుగున్నర గంటలు ఆలస్యంగా లేస్తున్నాడు. సోమరితనం అనే మాటకు ఇందులో ఆధారం నాకు కనబడలేదు.

ఎవరికి ఎప్పుడు నిద్ర వస్తుంది, ఎప్పుడు దానంతట అది తీరుతుంది అనేది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి, మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో పేరుకుపోయే నిద్ర ఒత్తిడి. నిద్రపోతే అది తగ్గుతుంది. రెండవది, శరీరంలోని గడియారం. మెదడు అడుగుభాగంలో, రెండు కళ్ల నుంచి వచ్చే నాడులు కలుసుకునే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల నాడీకణాల గుంపు ఒకటి ఉంది. శరీర ఉష్ణోగ్రత, హార్మోన్లు, నిద్ర, మెలకువ దాని తాళానికి నడుస్తాయి. ఇటువంటి గడియారం ప్రాణుల లోపలే ఉంటుందని మొదట పట్టి ఇచ్చినది మన పెరళ్లలో మొలిచే అత్తిపత్తి వంటి మొక్క. 1729లో డి మెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానిని వెలుతురు చొరని చోట పెట్టినా, వేళకు ఆకులు విప్పి వేళకు ముడుచుకోవడం గమనించాడు. ఈ గడియారాన్ని నడిపే జన్యువుల పనితీరును పండ్ల మీద ముసిరే చిన్న ఈగలలో విప్పి చూపిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనుషులలో ఈ గడియారం ఒక చుట్టు తిరగడానికి సగటున 24 గంటల కంటే కొద్ది నిమిషాలు ఎక్కువే పడుతుంది. అయితే అది సగటు మాత్రమే. కొందరిలో చుట్టు కాస్త పొట్టి, కొందరిలో కాస్త పొడుగు. పొట్టిచుట్టువారు పెందలకడనే నిద్రకు ఒరిగి చీకటితోనే లేస్తారు, పొడుగుచుట్టువారికి రాత్రి పదింటికి ఉత్సాహం మొదలవుతుంది. ఇది చాలావరకు పుట్టుకతో వచ్చేదే. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కుటుంబంలో తరతరాలుగా కొందరు సాయంత్రం ఏడున్నరకే నిద్రలోకి జారి నాలుగున్నరకు లేచేవారు. పెర్‌2 అనే జన్యువులో ఒకే ఒక మార్పు దానికి కారణమని 2001లో తేలింది. అంతటి స్పష్టమైన ఉదాహరణలు అరుదు. 2019లో సుమారు ఏడు లక్షల మంది వివరాలు పరిశీలించినప్పుడు, పెందలకడ లేవడంతో సంబంధమున్న 351 స్థానాలు జన్యుపటంలో కనిపించాయి. వేకువ వైపు లాగే జన్యురూపాలు అత్యధికంగా ఉన్నవారికీ అతి తక్కువగా ఉన్నవారికీ నిద్రవేళలో తేడా చూస్తే సుమారు 25 నిమిషాలే వచ్చింది. మిగిలిన తేడా తెలియని జన్యువులది కొంత, వయసుది కొంత, వెలుతురుది చాలా.

వయసు మాట ముందు చెబుతాను. పసిపిల్లలు చీకటితో లేస్తారు. యవ్వనంలో గడియారం వెనక్కి జరుగుతుంది, ఇరవై ఏళ్ల ప్రాంతంలో ఆ జాప్యం పరాకాష్ఠకు చేరుతుంది, తరువాత వృద్ధాప్యం దాకా మెల్లమెల్లగా ముందుకు వస్తుంది. మీకు ముప్ఫై నాలుగేళ్లప్పుడు కూడా నాలుగింటికే మెలకువ వచ్చేదా, లేక బడివేళ తరుముకొస్తోందని లేచేవారా అన్నది ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇక వెలుతురు. ఇంటిల్లిపాదీ కోడికూతకు లేచేవాళ్లమన్న మీ జ్ఞాపకం నిజమే అయి ఉంటుంది, దానిని నేను కొట్టిపారేయను. 2013లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. కొంతమందిని కొండల్లో గుడారాలలో ఉంచి, వారం రోజుల పాటు దీపాలూ ఫోనులూ లేకుండా, ఎండా నెగడూ తప్ప మరే వెలుతురూ లేకుండా గడపమన్నారు. వారం తిరిగేసరికి వారి లోపలి గడియారాలు సుమారు రెండు గంటలు ముందుకు జరిగాయి. అందరికంటే ఎక్కువగా జరిగింది రాత్రి పొద్దుపోయి పడుకునే అలవాటున్నవారికే. పగలంతా పొలం ఎండలోనూ, రాత్రి కిరసనాయిలు బుడ్డి వెలుగులోనూ బతికిన ఇంట్లో, పెందలకడ లేచేవారికీ ఆలస్యంగా లేచేవారికీ మధ్య ఎడం తక్కువగా ఉండేది. పగలు గదిలో నీడపట్టున, రాత్రి తెరముందు తెల్లని వెలుగులో గడిపే ఉద్యోగంలో ఆ ఎడం పెరిగింది. మీ అబ్బాయి మీ చిన్నతనంలో పుట్టి ఉంటే బహుశా ఆరింటికి లేచేవాడు. మీరు అప్పుడు కూడా అతనికంటే ముందే లేచి ఉండేవారు.

బ్రాహ్మీ ముహూర్తం గడియారం ముల్లును బట్టి నిర్ణయించినది కాదు, సూర్యోదయాన్ని బట్టి లెక్కించేది. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. పర్లాకిమిడిలో జూన్ నెలాఖరున సుమారు 5:20కి పొద్దుపొడిస్తే జనవరి నడుమ సుమారు 6:30కి పొడుస్తుంది కాబట్టి, ఆ ముహూర్తం వేసవి చివర పావు తక్కువ నాలుగుకూ చలికాలంలో దాదాపు ఐదింటికీ మొదలవుతుంది. ఇదే దేశకాలమానం పాటించే మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచలో పొద్దు మీకంటే పావుగంటకు పైగా ఆలస్యంగా పొడుస్తుంది. పెద్దలు చెప్పినది పొద్దుతోపాటు జరిగే నియమం. అది సందెదీపం పెట్టిన కాసేపటికే పడుకునే రోజుల నాటిది. పడుకునే వేళను వదిలేసి లేచే వేళను మాత్రమే పట్టుకుంటే మిగిలేది నిద్రలేమి ఒక్కటే. తొమ్మిదింటికి పడుకునే మీకు ఆ నియమం చక్కగా సరిపోతుంది, దానిని మానవలసిన పని లేదు.

జబ్బా అన్నారు. మీ అబ్బాయి ఎనిమిదిన్నరకు తనంతట తాను లేచి, పగలు కునికిపాట్లు లేకుండా పని చేసుకుంటే జబ్బేమీ లేదు. పెద్దగా గురకపెట్టడం, నిద్రలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడటం, ఎంత పడుకున్నా తలనొప్పితోనూ మత్తుతోనూ లేవడం ఉంటే మాత్రం వైద్యునికి చూపించాలి. ఆ లక్షణాలు నాలుగింటికి లేచేవారిలో ఉన్నా అంతే. అతనికే త్వరగా లేవాలని ఉంటే, పొద్దున లేచిన వెంటనే అరగంట ఆరుబయట గడపడం, రాత్రి పని ముగిశాక ఇంట్లో దీపాలు తగ్గించడం మొదలుపెట్టాలి. మీ మాటలు చేయలేని పనిని ఎండ నిశ్శబ్దంగా చేసిపెడుతుంది. ఈలోగా మీ వేకువ పనులలో నీళ్ల మోటారూ భక్తిగీతాలూ ఆరు దాటాక పెట్టుకోగలిగితే ఇంట్లో సగం తగవు తీరుతుంది.

ఉత్తరంలో కోడలి గురించి ఒక్క వాక్యమే ఉంది. ఆరింటికి లేస్తుందని రాశారు గాని, ఆమె ఎన్నింటికి పడుకుంటున్నదో రాయలేదు. భర్త పని ముగిసేదాకా మేలుకుని, మామగారి కాఫీకి లేస్తున్నట్లయితే ఆ ఇంట్లో నిద్ర చాలనిది ఆమెకే. ముందు ఆమెను అడగండి.

ప్రశ్న: తెల్లవారగట్ల రైలు పట్టుకోవలసిన రోజున అలారం మోగడానికి ఐదు నిమిషాల ముందే మెలకువ వచ్చేస్తుంది. మామూలు రోజున అలారం మోగి మోగి ఆగిపోయినా లేవను. మనసు నిద్రలో కూడా వేళ లెక్కపెడుతుందా?
— గుణుపురం

జవాబు: కొంతవరకు లెక్కపెడుతుందనే చెప్పాలి. 1999లో జర్మనీ పరిశోధకులు పదిహేను మందిని నిద్రపుచ్చి, కొన్ని రాత్రులు ఆరింటికి లేపుతామనీ, కొన్ని రాత్రులు తొమ్మిదింటికి లేపుతామనీ ముందుగా చెప్పారు. ఆరింటికి లేపుతామన్న రాత్రులలో, ఐదు దాటినప్పటి నుంచే పిట్యూటరీ గ్రంథి నుంచి శరీరాన్ని మేల్కొలుపుకు సిద్ధం చేసే ఒక హార్మోను రక్తంలో పెరగసాగింది. తొమ్మిదని చెప్పి ఆరింటికే లేపిన రాత్రులలో ఆ పెరుగుదల ముందుగా కనిపించలేదు. అంటే లేవాలన్న ఉద్దేశం నిద్రలోకి కూడా వెంట వస్తుందన్నమాట.

అయితే దీనిమీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు. ప్రయాణపు రాత్రి మనకు పట్టేది కలత నిద్ర. నాలుగైదుసార్లు మెలకువ వచ్చి మళ్లీ మాగన్ను పడుతుంది, వాటిలో ఆఖరిదే మనకు గుర్తుంటుంది. మామూలు రోజున అలారానికి కూడా లేవడం లేదంటే మీరు రోజూ నిద్ర బాకీతో ఉన్నారని అర్థం. పడుకునే వేళను అరగంట ముందుకు జరిపి చూడండి. రైలు రోజున మాత్రం అలారం పెట్టుకోండి.

ప్రశ్న: నాకు 20 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. రాత్రి ఒంటి గంట దాకా చదువుతాను, కాలేజీ కోసం ఆరింటికి అలారం పెట్టి లేస్తాను. శనివారం రాత్రి మూడింటి దాకా ఫోను చూసి ఆదివారం పదకొండింటికి లేస్తాను. సోమవారం నరకంగా ఉంటుంది. అమ్మ ‘ఆడపిల్లవి, పదకొండింటి దాకా పడకేమిటి’ అంటుంది. నేను పెందలకడ లేచే మనిషిగా మారగలనా?
— బరంపురం

జవాబు: అమ్మా, కాలేజీ ఉన్న రోజులలో మీరు నిద్రపోతున్నది ఐదేసి గంటలు. మీ వయసుకు కావలసినది ఏడు నుంచి తొమ్మిది. ఆదివారం పదకొండింటి దాకా పోయే ఎనిమిది గంటల నిద్రలో బద్ధకం పాలు తక్కువ, బాకీ పాలు ఎక్కువ. ఆడపిల్ల అన్న మాటకు శరీరశాస్త్రంలో చోటు లేదు. గడియారం బాగా వెనక్కి జరిగే వయసు స్త్రీలలో సుమారు 19, 20 ఏళ్లు, పురుషులలో 21 ఏళ్ల ప్రాంతం. మీరు సరిగ్గా ఆ శిఖరం మీద ఉన్నారు, ఇక్కడి నుంచి దిగడమే.

సోమవారం ఎందుకు అలా ఉంటుందో ఇలా లెక్క వేసుకోండి. కాలేజీ రోజులలో ఒంటి గంటకూ ఆరింటికీ మధ్య మీ నిద్రకు నడిమివేళ మూడున్నర. ఆదివారం మూడుకూ పదకొండుకూ మధ్య నడిమివేళ ఏడు. తేడా మూడున్నర గంటలు, అంటే భారతదేశానికీ దక్షిణాఫ్రికాకూ ఉన్నంత. విమానం ఎక్కకుండానే ప్రతి శనివారం అంతదూరం పోయి సోమవారానికి తిరిగి వస్తున్నారు. జర్మనీ పరిశోధకుడు టిల్ రోనెన్‌బెర్గ్ 2006లో ఈ స్థితిని సామాజిక జెట్‌లాగ్ అని పిలిచాడు. జెట్‌లాగ్ అంటే దూరదేశానికి విమానంలో వెళ్లినప్పుడు లోపలి గడియారం అక్కడి వేళతో పొసగక వచ్చే బడలిక. దీనిని తగ్గించడానికి ఆదివారం లేచే వేళ వారపు వేళకు గంట, గంటన్నరకు మించి దాటకూడదు. నిద్ర చాలకపోతే ఆ మధ్యాహ్నం ఒక అరగంట కునుకు తీయండి.

మారగలరా అంటే, గంటో గంటన్నరో మారగలరు. పొద్దున లేచిన గంటలోపు డాబా మీద ఇరవై ముప్ఫై నిమిషాలు ఎండ తగిలేలా ఉండండి. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయటి వెలుతురు గదిలోని దీపం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. టీ, కాఫీలలోని కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది గనుక, సాయంత్రం నాలుగు దాటాక వాటిని మానండి. పడుకునే వేళను రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు తీసుకురండి. ఒక్కసారిగా పదింటికి పడుకుంటే చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకోవడమే అవుతుంది. పరీక్షల ముందు రాత్రంతా చదవడం లాభం కంటే నష్టమే ఎక్కువగా చేస్తుంది, ఎందుకంటే పగలు చదివినది జ్ఞాపకంగా గట్టిపడేది నిద్రలోనే. ఇంతా చేసి, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివే స్నేహితురాలెవరైనా ఉంటే ఆమెలా కావాలని మాత్రం పంతం పట్టవద్దు.

రెండేళ్లకోసారి మీ ఊళ్లో ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగే రోజులలో ఊరంతా రాత్రులు మేలుకుని ఉన్నప్పుడు ఈ సలహాలు పాటించమని నేను కూడా అడగను.

ప్రశ్న: ఒడిశాలో వేసవి రాగానే ఉదయపు బడి పెడతారు. ఆరున్నరకు తొమ్మిదో తరగతి పిల్లలు సగంమంది బల్లల మీద తలలు వాల్చేస్తారు. ఇది క్రమశిక్షణ లోపమా?
— ఒక ఉపాధ్యాయిని, ఛత్రపురం

జవాబు: పద్నాలుగేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఆ వయసులో నిద్రను పిలిచే మెలటోనిన్ హార్మోను రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది కనుక, తొమ్మిదింటికి పడుకోబెట్టినా చాలామందికి నిద్ర రాదు. ఐదింటికి లేపితే కోత పడేది నిద్ర చివరిభాగానికి, అంటే కలలు ఎక్కువగా వచ్చే భాగానికి. ఈ కారణంగానే అమెరికా శిశువైద్యుల సంఘం 2014లో ఆ వయసు పిల్లల బడులు ఎనిమిదిన్నరకు ముందు మొదలుకాకూడదని కోరింది. ఆ సలహాను మన వేసవికి అలాగే తెచ్చి అతికించలేము. ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం రెండింటికి పిల్లలను రోడ్డు మీదికి పంపడం నిద్రలేమి కంటే పెద్ద ప్రమాదం. ఉదయపు బడి ఉండవలసిందే.

మీ చేతిలో ఉన్నది వేళాపట్టిక. మొదటి పీరియడులో లెక్కలు, పరీక్షలు పెట్టకండి. నిద్రలేచాక మత్తు వదలడానికి అరగంట, కొందరికి గంట కూడా పడుతుంది. ప్రార్థన తరువాత పిల్లలను పది నిమిషాలు ఎండలో నిలబెట్టి ఏదైనా ఆడించి లోపలికి తీసుకురండి. మధ్యాహ్నం ఇంట్లో గంటసేపు నిద్రపోనివ్వమని తల్లిదండ్రులకు చెప్పండి. సాయంత్రం దాకా పడుకోనిస్తే రాత్రి నిద్ర చెడుతుంది.

ప్రశ్న: నేను కాగితం మిల్లులో పని చేస్తాను. వారానికోసారి షిఫ్టు మారుతుంది. ఉదయం షిఫ్టు తరువాత వారం రాత్రి షిఫ్టు, ఆ తరువాత మధ్యాహ్నం షిఫ్టు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి ఏడున్నరకు పడుకుంటే పన్నెండింటికల్లా మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ పట్టదు. పడకమీద రేకుల కప్పు. నిద్ర తీరి సహజంగా లేచిన రోజు గుర్తు లేదు.
— రాయగడ

జవాబు: పన్నెండింటికి వచ్చే ఆ మెలకువ నిద్ర తీరినందువల్ల వచ్చినది కాదు. రాత్రి పని చేసినంత మాత్రాన లోపలి గడియారం తలకిందులు కాదు. మధ్యాహ్నానికి అది శరీరాన్ని వేడెక్కించి మేలుకొమ్మంటుంది. రేకులు కూడా అదే సమయానికి వేడెక్కుతాయి. నిద్ర పట్టడానికి శరీరం లోపలి వేడి కొద్దిగా దిగాలి, మీ గదిలో దానికి అవకాశం లేదు. రాత్రి షిఫ్టు చేసేవారి పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే ఒకటి నుంచి నాలుగు గంటలు తక్కువగా ఉండటం ప్రపంచమంతటా ఉన్నదే. కాబట్టి ఇది మీ బలహీనత అనుకోవద్దు.

ముందుగా మీ షిఫ్టుల వరస చూడండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే క్రమంలో మారితే శరీరం ప్రతిసారీ కాస్త ఆలస్యంగా పడుకోవలసి వస్తుంది, మనుషులలో చాలామంది గడియారం అటువైపే సులభంగా జరుగుతుంది. మీరు రాసిన ఉదయం, రాత్రి, మధ్యాహ్నం వరస దానికి ఎదురీత. ఇది ఒక్క కార్మికుడు మార్చగలిగినది కాదు గనుక, సంఘం ద్వారా యాజమాన్యంతో మాట్లాడవలసిన విషయం. ఉత్పత్తి తగ్గకుండా, ఖర్చు లేకుండా చేయగల మార్పు ఇదొక్కటే అని నా అభిప్రాయం.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు నల్లని కళ్లద్దాలు పెట్టుకోండి, పొద్దుటి ఎండ కంటిలో పడితే గడియారం ఇది పగలని గట్టిపరుచుకుంటుంది. కిటికీలకు మందపాటి నల్లగుడ్డ కట్టించండి. రేకుల కింద వెదురు తడకో గడ్డికప్పో వేయిస్తే వేడి కొంత ఆగుతుంది. ఉదయం పట్టిన నాలుగున్నర గంటలకు తోడు, మళ్లీ షిఫ్టుకు వెళ్లేముందు సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా పడుకోండి. రెండు ముక్కలుగా పోయిన నిద్ర కూడా నిద్రే. టీ షిఫ్టు మొదటి సగంలో తాగండి, రెండు దాటాక వద్దు. ఇంట్లోవారు పన్నెండింటికి భోజనానికి లేపకూడదు. పగలు వచ్చే చుట్టాలకు ఈ సంగతి చెప్పడం మనవాళ్లకు మొహమాటం, అయినా చెప్పాలి.

ఒక హెచ్చరిక. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా శరీరం వేడి బాగా దిగి ఉంటుంది, చెయ్యి తప్పే వేళ అది. షిఫ్టు దిగి మోటారుసైకిలు మీద ఇంటికి వచ్చే దారి అంతకంటే ప్రమాదం. కళ్లు మూతలు పడుతుంటే గేటు దగ్గరే పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీసి బయలుదేరండి. సహజంగా లేవడం ఎలా ఉంటుందో చూడాలంటే పది పన్నెండు రోజుల సెలవు తీసుకోవాలి. మొదటి రెండు మూడు రోజులు బాకీ తీరేదాకా విపరీతంగా నిద్రపోతారు, వాటిని లెక్కలోకి తీసుకోకండి. ఆ తరువాత నిద్ర వచ్చినప్పుడే పడుకుని, అలారం లేకుండా లేచే వేళ రోజూ రాసిపెట్టుకోండి. వారం గడిచేసరికి అది ఒకచోట నిలుస్తుంది. మీకు ఎన్ని గంటలు కావాలో, మీరు వేకువ మనిషో రాత్రి మనిషో అప్పుడే తెలుస్తుంది. రాత్రి మనిషి అని తేలితే, షిఫ్టులు అడిగి తీసుకునే వీలున్నచోట మధ్యాహ్నం షిఫ్టు ఎక్కువగా అడగండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. రాత్రి ఎనిమిదిన్నరకే నిద్ర ముంచుకొస్తుంది. మూడింటికి మెలకువ వచ్చి ఇక పట్టదు. కొన్ని రాత్రులు ఒళ్లంతా చెమటలు. మందుల దుకాణంలో నిద్రమాత్ర ఇస్తామన్నారు. మా చెల్లెలు రోజూ ఐదున్నర గంటలే పడుకుని హాయిగా ఉంటుంది, నాకు మాత్రం అది చాలదు.
— ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: ఎనిమిదిన్నర నుంచి మూడు దాకా అంటే ఆరున్నర గంటలు నిద్రపోతున్నారు. మీకు కరువైనది కొద్దిగానే, కాని అది తప్పువేళలో పడింది. చెల్లెలితో పోల్చుకోవద్దు. ఆరు గంటల నిద్రతోనే పూర్తిగా సరిపెట్టుకునేవారు నిజంగానే కొందరు ఉన్నారు, 2009లో ఒక తల్లిలోనూ ఆమె కూతురిలోనూ దానికి కారణమైన జన్యుమార్పు కూడా దొరికింది. అటువంటివారు చాలా అరుదు. చెల్లెలు బస్సు ఎక్కగానే కునుకుతుంటే ఆమె ఆ జాబితాలోకి రాదు.

చెమటలు ముట్లాగిపోయే వయసులో వచ్చే మార్పువల్ల కావచ్చు. అది నిద్ర చెడగొట్టే మామూలు కారణాలలో ఒకటి, దానికి చికిత్స ఉంది. స్త్రీల వైద్యురాలికి చూపించండి. మూత్రానికి లేవడం వల్ల మెలకువ వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి. చెమటలు లేని రాత్రులలో కూడా మూడింటికే లేస్తుంటే గడియారం ముందుకు జరిగిందని అర్థం. అప్పుడు తెల్లవారగానే వాకింగుకు వెళ్లడం దానిని మరింత ముందుకు నెడుతుంది. ఆ నడకను సాయంత్రం ఐదింటికి మార్చుకోండి, ఎండ దిగేదాకా బయటే ఉండండి, రాత్రి భోజనం అయ్యాక తొమ్మిదిన్నర, పది దాకా వెలుతురున్న గదిలో ఏదో ఒక పనిలో ఉండండి. మధ్యాహ్నం నిద్ర ఉంటే అరగంటకు మించకూడదు. మూడింటికి మెలకువ వస్తే గడియారం చూడకుండా ఉండటం కష్టమే, కాని ప్రయత్నించండి.

ఉదయం లేచేటప్పటికే మనసు బరువుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం రెండు వారాలకు మించి కొనసాగితే ఆ సంగతి వైద్యురాలికి తప్పక చెప్పాలి. వేళకు ముందే వచ్చే మెలకువ కుంగుబాటుకు ఒక లక్షణం. నిద్రమాత్ర మాత్రం దుకాణంలో కొనవద్దు. ఆల్ప్రాజొలామ్ వంటి మాత్రలు షెడ్యూల్ హెచ్1 మందులు, వైద్యుని చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. కొద్ది వారాలు వాడితేనే అవి లేకుండా నిద్ర పట్టని స్థితి వస్తుంది. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఒక్కసారిగా ఆపకండి, వైద్యుని పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకుంటూ రావాలి.